సమాధానం: బరువైన జోడీ కింద ఇరుక్కుంటే

నేలపై పట్లతో పెనుగులాడే యుద్ధవిద్య బ్రెజిలియన్ జియు-జిట్సు సాధనలో బరువైన జోడీ పక్కనుంచి ఛాతీతో అదిమితే కదలలేకపోతున్నానని రాశారు. అతన్ని చేతులు చాచి నెట్టడమే అసలు చిక్కు. చాచిన చేతిని మెలిపెట్టడం చాలా తేలిక. ఒక ముంజేతిని అతని మెడకు, రెండోదాన్ని తుంటికి అడ్డుపెట్టండి. మీ తుంటి పైకెత్తి ఒక్క కుదుపు ఇచ్చి, అతని వైపు తిరుగుతూ, నేలను తన్ని వెనక్కి జరగండి. ఏర్పడిన సందులో వెంటనే మోకాలు దూర్చండి. జరగాల్సింది మీరు, అతను కాదు!

బలంతో నెట్టకుండా ఒడుపుగా తప్పుకోవడమే ఈ విద్యకు మూలం. జపాన్‌లోని జూడో మూల పాఠశాల కొడోకాన్‌కు చెందిన యోధుడు మిత్సుయో మయెదా 1914లో బ్రెజిల్ చేరారు. ఆయన విద్య అక్కడి గ్రేసీ కుటుంబానికి అందింది. వారిలో బక్కపలచని హీలియో కండబలం కన్నా మీట (లివర్) సూత్రాన్నే నమ్ముకున్నారు.

ఊపిరాడకపోతే మాత్రం మొహమాటపడకుండా వెంటనే జోడీని చేత్తో తట్టి ఆపించండి.