కిలిమంజారో: ఐదు రోజులా, ఎనిమిది రోజులా?

కిలిమంజారో ట్రెక్ గురించి చాలా ప్రశ్నలు వచ్చాయి. ఒకేలా ఉన్నవాటిని కలిపి జవాబులిస్తున్నాను. రోజుల లెక్క గురించి మిగతావాటికంటే ఎక్కువే రాశాను, ఎందుకంటే అక్కడ తప్పు నిర్ణయం తీసుకుంటే తర్వాత ఎంత మంచి బూట్లు కొన్నా, ఎంత సాధన చేసినా లాభం ఉండదు.

ప్రశ్న: నా వయసు 34. రోజూ పది కిలోమీటర్లు పరుగెత్తుతాను, సిగరెట్ అలవాటు లేదు. ఒక ఏజెన్సీ మరంగు రూట్‌లో ఐదు రోజుల ప్యాకేజీ చెబుతోంది, ఇంకొకరు లెమోషో రూట్‌లో ఎనిమిది రోజులంటున్నారు. ఖర్చులో చాలా తేడా ఉంది. నాలాంటివాడికి ఐదు రోజులు సరిపోవా మేడమ్?

మీ కాళ్లకు సరిపోతాయి, ఊపిరికి సరిపోవు. కిలిమంజారోలో అన్నిటికంటే ఎత్తైన చోటు ఉహురు శిఖరం, దాని ఎత్తు 5,895 మీటర్లు. అక్కడి గాలిలోనూ ఆక్సిజన్ 21 శాతమే ఉంటుంది, కానీ గాలి పీడనం దాదాపు సగానికి పడిపోతుంది కాబట్టి ఒక్కో శ్వాసకు మనకు అందేది సముద్రమట్టం దగ్గర అందేదాంట్లో సగమే. దీన్ని తట్టుకోవడానికి శరీరం ముందు ఊపిరి వేగం పెంచుతుంది, దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి క్షారగుణం పెరుగుతుంది, ఆ తేడాని కిడ్నీలు మెల్లగా సరిచేస్తాయి, అప్పుడుగానీ శ్వాస ఇంకా పెరగడానికి వీలుపడదు. ఇదంతా జరగడానికి రోజులు పడుతుంది. ఎంత పరుగెత్తినా, ఎంత జిమ్ చేసినా ఈ పనిని కొండకి రాకముందే చేసిపెట్టుకోలేం. పైగా బాగా పరుగెత్తేవాళ్లతో ఒక ఇబ్బంది ఉంది, వాళ్ల కాళ్లు ఆగవు. మొదటి రెండు రోజులు అందరికంటే ముందు క్యాంపుకి చేరిపోయి, మూడో రోజు తలపట్టుకుని కూర్చునేవాళ్లలో వీళ్లే ఎక్కువ కనిపిస్తారు.

ఇప్పుడు మీకు చెప్పిన ఐదు రోజుల ప్లాన్ చూడండి. మొదటి రాత్రి మందారా హట్స్‌లో, 2,720 మీటర్లు. రెండో రాత్రి హోరోంబో, 3,720. మూడో రోజు సాయంత్రానికి కిబో హట్, 4,720. అక్కడ నాలుగు మెతుకులు తిని, కాసేపు నడుం వాల్చి, ఆ అర్ధరాత్రే లేచి శిఖరానికి బయలుదేరాలి. 3,000 మీటర్లు దాటాక, నిద్రపోయే చోటు ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదన్నది పర్వత వైద్యులు సాధారణంగా చెప్పే మాట. ఇక్కడ దానికి రెట్టింపు పెరుగుతోంది.

మచామే, లెమోషో రూట్ల మేలు ఏమిటంటే అవి మిమ్మల్ని ఎత్తుకి తీసుకెళ్లి మళ్లీ కిందికి దించి పడుకోబెడతాయి. షిరా వైపు నుంచి 4,600 మీటర్ల దగ్గరుండే లావా టవర్ అనే రాతి గుట్ట దాకా ఎక్కి, అక్కడ మధ్యాహ్నం భోజనం చేసి, తిరిగి 3,900 పైచిలుకు ఎత్తులో ఉన్న బరాంకో క్యాంపుకి దిగుతారు. ఎక్కిందంతా దిగడమేంటని చాలామంది విసుక్కుంటారు, కానీ ట్రెక్ మొత్తంలో మీ శరీరానికి అంత మేలు చేసే రోజు ఇంకోటి లేదు. ఆ దిగే దారిలో, బరాంకో లోయలో మనిషికి రెండు మూడింతల ఎత్తున పెరిగే జెయింట్ గ్రౌండ్‌సెల్ చెట్లు కనిపిస్తాయి, ఎండిపోయిన పాత ఆకులు రాలకుండా మాను చుట్టూ దుప్పటిలా కప్పుకుని ఉంటాయి, రాత్రి చలికి లోపలి నీరు గడ్డకట్టకుండా అదే వాటికి రక్షణ. తలనొప్పి లేకుండా అక్కడికి చేరితే కాసేపు ఆగి దగ్గరగా చూడండి.

ఐదు రోజుల ప్యాకేజీ ఎందుకు చవకంటే, పార్కు రుసుములన్నీ రోజుల లెక్కన ఉంటాయి. విదేశీయులకు రోజుకు 70 డాలర్లు, టెంటు వేసుకునే రాత్రికి 50 డాలర్లు, దానిమీద 18 శాతం వ్యాట్. అంటే ఒక రోజు కోస్తే ఒక్క ఫీజుల్లోనే 140 డాలర్ల దాకా తగ్గుతుంది, సిబ్బంది జీతం, తిండి ఖర్చు అదనం. ఆ తగ్గింపు మీ శరీరానికి కావలసిన రోజుల్లోంచి వచ్చిందే. డబ్బు సర్దుబాటు అయితే లెమోషో ఎనిమిది రోజులు తీసుకోండి. కాకపోతే మచామే ఏడు. టెంటు వద్దు, మంచం కావాలనుకుంటే మరంగులోనే హోరోంబో దగ్గర ఒక రోజు అదనంగా ఆగే ఆరు రోజుల ప్లాన్ అడగండి. ఐదు రోజులది మాత్రం ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు.

ప్రశ్న: ఎత్తు వల్ల వచ్చే జబ్బు రాకుండా వాడే డయమాక్స్ మాత్ర వేసుకుంటే కొండ ఎక్కినట్టు కాదని మా ఫ్రెండ్స్ అంటున్నారు. అది వేసుకుంటే జబ్బు లక్షణాలు బయటపడకుండా దాగిపోతాయని కూడా విన్నాను. నిజమేనా?

రెండూ నిజం కాదు. పైన చెప్పాను చూడండి, కిడ్నీలు చేసే సర్దుబాటు, ఈ మాత్ర దాన్నే తొందరపెడుతుంది. లక్షణాలను దాచదు. ముందుజాగ్రత్తగా వాడేటప్పుడు మామూలుగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కడం మొదలుపెట్టే ముందు రోజు నుంచి ఇస్తారు, కానీ మీకు ఎంత, అసలు కావాలా వద్దా అన్నది మీ డాక్టరే చెప్పాలి. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. వేళ్ల చివర్లు తిమ్మిరెక్కడం, మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సి రావడం మామూలే, కంగారు పడొద్దు. కొండ మీద మొదటిసారి కాకుండా, ఇంట్లో ఉండగానే ఒకటి రెండు రోజులు వేసుకుని చూస్తే ఎలా ఉంటుందో తెలుస్తుంది.

మీరు విన్న మాట డెక్సామెథసోన్ గురించి అయ్యుంటుంది. అది లక్షణాలను అణిచేస్తుంది. మెదడు వాపు లాంటి అత్యవసరంలో మనిషిని కిందికి దించడానికి వాడే మందు అది, దాన్ని మింగి పైకి ఎక్కడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి. గైడ్లు ఉదయం, సాయంత్రం వేలికి ఆక్సిమీటర్ పెట్టి చూస్తారు, తలనొప్పి ఉందా, వాంతి వచ్చేలా ఉందా, నిద్ర పట్టిందా అని అడుగుతారు. దయచేసి నిజం చెప్పండి. వెనక్కి పంపేస్తారేమోనన్న టెన్షన్‌తో "ఐ యామ్ ఫైన్" అనేవాళ్లు చాలామంది. కొంచెం తలనొప్పి ఉందని చెప్పినంత మాత్రాన ఎవరూ దించెయ్యరు, నీళ్లు తాగించి, వేగం తగ్గించి, కనిపెట్టుకుని ఉంటారు. కానీ తాగినవాడిలా అడుగు తడబడటం, మాట తికమక కావడం, కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, దగ్గితే నురగలాంటి కఫం రావడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా కూడా ఆగకూడదు, వెంటనే కిందికి దిగాలి. మీలో కాకపోయినా మీ పక్క టెంట్‌లోవాళ్లలో కనిపించినా సరే, వెళ్లి గైడ్‌ని లేపండి.

ప్రశ్న: శిఖరానికి వెళ్లే రాత్రి గురించి చదివితే భయమేస్తోంది. నిజంగా అంత కష్టమా?

కష్టమే అండీ. మచామే, లెమోషో రూట్లలో శిఖరానికి ముందు చివరి మజిలీ బరాఫు క్యాంపు, 4,673 మీటర్ల దగ్గర ఉంటుంది. రాత్రి పదకొండు, పన్నెండు మధ్య లేస్తారు, ఏమీ తినబుద్ధి కాదు, అయినా రెండు బిస్కెట్లు, టీ కడుపులో పడాలి. ఆ తర్వాత ఆరేడు గంటలు హెడ్ టార్చ్ వెలుగులో ముందున్న మనిషి మడమలు తప్ప ఇంకేమీ చూడకుండా రాళ్లూ ఇసుకా కలిసిన వాలు మీద నడక. చలి మైనస్ 10 నుంచి మైనస్ 20 దాకా పోతుంది, గాలి వీస్తే ఇంకా కొరుకుతుంది. స్టెల్లా పాయింట్, అంటే 5,756 మీటర్ల దగ్గర అగ్నిపర్వత ముఖద్వారం అంచు చేరితే నిటారు ఎక్కడం అయిపోయినట్టే. అక్కడి నుంచి ఉహురుకి గంట పైనే పట్టొచ్చు, కానీ దారి నిమ్మళంగా ఉంటుంది.

చిన్న జాగ్రత్తలే ఆ రాత్రి పెద్ద తేడా చూపిస్తాయి. నీళ్ల సీసాని తలకిందులుగా పెట్టుకోండి, మంచు పైభాగంలో ముందు కడుతుంది కాబట్టి మూత దగ్గర గడ్డకట్టదు. వాటర్ బ్యాగ్ గొట్టంతో తాగేవాళ్లు ప్రతిసారీ తాగాక గొట్టంలో మిగిలిన నీటిని వెనక్కి ఊదెయ్యాలి, అయినా సరే ఒక మామూలు సీసా కూడా ఉంచుకోండి, గొట్టాన్ని నమ్ముకోవద్దు. ఫోను, కెమెరా బ్యాటరీ ఒంటికి ఆనుకునే జేబులో ఉండాలి. ఆగినప్పుడు రెండు మూడు నిమిషాలకు మించి కూర్చోవద్దు, చలి వెంటనే పట్టేస్తుంది. గైడ్ "పోలె పోలె" (స్వాహిలీలో నెమ్మదిగా, నెమ్మదిగా) అంటూ మరీ నెమ్మదిగా నడుస్తున్నాడనిపిస్తే దాటి వెళ్లొద్దు, ఆ వేగం ఆయనకు తెలుసు.

ప్రశ్న: నా ఒక్కదాని కోసం ముగ్గురు నలుగురు మనుషులు బరువులు మోయడం మనసుకి ఇబ్బందిగా ఉంది. నా బ్యాగ్ నేనే మోసుకుని, గైడ్ లేకుండా వెళ్లే వీలుందా?

గైడ్ లేకుండా వీల్లేదు, 1991 నుంచి అది పార్కు నిబంధన. మీ ఇబ్బంది మంచి మనసుతో వచ్చిందే, కానీ మీ బ్యాగ్ మీరు మోసినా టెంటు, గ్యాస్, గిన్నెలు, వారం రోజుల తిండి ఎవరో ఒకరు మోయాల్సిందే. చాలామంది పోర్టర్లు ఆ కొండ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే, ఈ పని మీదే ఇల్లు నడుస్తుంది. పని తగ్గించడం కాదు, ఆ పనికి తగిన కూలి, తిండి, బట్ట వాళ్లకు అందుతున్నాయా అని మీరు చూడాలి.

గేటు దగ్గర తూకం వేస్తారు, కొక్కేనికి ఒక్కో సంచీ తగిలించి ముల్లు చూస్తారు, పోర్టర్‌కి 20 కిలోలు మించకూడదు. మీ సంచీ బరువు పెరిగితే ఆ భారం ఎవరి మెడ మీద పడుతుందో అక్కడ కళ్లారా కనిపిస్తుంది, కాబట్టి అవసరం లేనివి హోటల్లోనే వదిలెయ్యండి. ఇంకో సంగతి చాలామంది గమనించరు. బరాఫు క్యాంపులో నీళ్లు లేవు. అక్కడ మీరు తాగే టీ, చేతులు కడుక్కోవడానికిచ్చే గోరువెచ్చని నీళ్లు, అన్నీ కింద కరంగా లోయ నుంచి పోర్టర్లు మోసుకొచ్చినవే, అదీ టెంట్లూ సామానూ మోసిన రోజునే.

అందుకే ఏజెన్సీని ఎంచుకునేటప్పుడు టెంటు ఎంత పెద్దది, డిన్నర్‌లో ఏం పెడతారు అని అడిగే ముందు ఇవి అడగండి: పోర్టర్‌కి రోజుకి ఎంత ఇస్తారు, మూడు పూటలా తిండి ఉంటుందా, రాత్రి వాళ్లు ఎక్కడ పడుకుంటారు, వానకోటు, బూట్లు లేనివాళ్లకు మీరేమైనా ఏర్పాటు చేస్తారా. కిలిమంజారో పోర్టర్స్ అసిస్టెన్స్ ప్రాజెక్ట్ అనే సంస్థ ఈ విషయాలను గమనించి, సరిగ్గా చూసుకునే కంపెనీల జాబితా ఉంచుతుంది, అందులో ఉన్న కంపెనీని ఎంచుకోవడం మంచి పద్ధతి. ఈ ప్రశ్నలకు సూటిగా జవాబివ్వని ఏజెన్సీకి మీ డబ్బు ఇవ్వకండి. టిప్పులు చివరి రోజు అందరూ నిలబడి ఉండగా, ఎవరికి ఎంతో పైకి చదివి ఇవ్వండి. కవరులో పెట్టి ఒక్కరి చేతికి ఇచ్చేస్తే చివరి మనిషిదాకా చేరిందో లేదో మీకు తెలియదు.

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. గుండె, బీపీ బాగానే ఉన్నాయి, మోకాళ్లే కాస్త నొప్పి. వెళ్లొచ్చా?

వయసు అడ్డు కాదండీ, నిదానంగా నడిచే అలవాటు ఉండటం మీకు ఇక్కడ కలిసొస్తుంది కూడా. అయితే మీ మోకాళ్లకు అసలు పరీక్ష దిగేటప్పుడు. శిఖరం చేరిన రోజే సుమారు 3,100 మీటర్లకు, మ్వేకా క్యాంపు దాకా దిగిపోతారు, అంటే రాత్రంతా ఎక్కిన కాళ్లతో ఒకే రోజున 2,800 మీటర్లు కిందికి. కాబట్టి ఇప్పటి నుంచే మెట్లు ఎక్కడం కాదు, దిగడం సాధన చెయ్యండి, వీపు మీద కొంచెం బరువు పెట్టుకుని. రెండు చేతికర్రలు తప్పనిసరి. కాలి గోళ్లు బాగా కత్తిరించుకోండి, లేకపోతే దిగేటప్పుడు బూటు ముందుభాగానికి తగిలి నల్లబడతాయి. ముందు ఎముకల డాక్టర్‌కి చూపించుకుని, అదే మాట గైడ్‌కీ చెప్పండి.

ప్రశ్న: ట్రెక్ మధ్యలో పీరియడ్స్ వస్తే ఎలా? టాయిలెట్లు ఉంటాయా?

క్యాంపుల్లో గుంట టాయిలెట్లు ఉంటాయి, అంత శుభ్రంగా ఉండవు. కొంచెం అదనంగా కడితే మీ గ్రూపుకి విడిగా పోర్టబుల్ టాయిలెట్, దానికో చిన్న టెంటు తెస్తారు, ఆడవాళ్లుంటే ఆ ఖర్చు పెట్టండి. ఎత్తుకి, ప్రయాణానికి తేదీలు అటూఇటూ కావడం మామూలు, కాబట్టి తేదీ దూరంగా ఉన్నా ప్యాడ్లు తీసుకెళ్లండి. వాడినవి రాళ్ల మధ్య వదలకుండా మూసేసిన సంచీలో కిందికి తేవాలి. మీ గైడ్‌కి చెప్పడానికి మొహమాటపడొద్దు, వాళ్లు రోజూ చూసే విషయమే.

ప్రశ్న: ఏ నెల మంచిది?

జనవరి నుంచి మార్చి మొదటి వారాల దాకా, లేదా జూన్ నుంచి అక్టోబర్ దాకా. మార్చి చివరి నుంచి మే దాకా పెద్ద వానలు, నవంబర్‌లో చిన్న వానలు. పౌర్ణమి దగ్గర శిఖరం రాత్రి పడేలా చూసుకుంటే వెలుతురు బాగుంటుంది, జనం కూడా ఎక్కువే ఉంటారు.

ప్రశ్న: పైన మంచు పూర్తిగా కరిగిపోయిందంటున్నారు, ఇంక చూడటానికి ఏముంది?

పూర్తిగా పోలేదు. 1912లో ఉన్న మంచు విస్తీర్ణంలో 80 శాతానికి పైగా పోయిందన్నది మాత్రం నిజం, ఇంకా పోతోంది. స్టెల్లా పాయింట్ నుంచి ఉహురుకి నడిచేటప్పుడు ఎడమవైపు ఇప్పటికీ మంచు గోడలు కనిపిస్తాయి. చూడాలనుకుంటే మరీ వాయిదా వెయ్యకండి.

ప్రశ్న: అంత డబ్బు కట్టి వెళ్లాక గైడ్ స్టెల్లా పాయింట్ దగ్గరే దిగిపొమ్మంటే?

దిగిపోవాలి. వాదించొద్దు, ఇంకో పావుగంట చూద్దామని బతిమాలొద్దు. అక్కడ మీ తల సరిగ్గా పనిచెయ్యకపోవచ్చు, ఆయనది పనిచేస్తోంది. స్టెల్లా పాయింట్ దాకా వచ్చినవాళ్లకూ పార్కు సర్టిఫికెట్ ఇస్తుంది. డబ్బు వెనక్కి రాదు, అది ముందే తెలుసుకుని వెళ్లండి. 6,000 మీటర్ల వరకు ట్రెక్కింగ్‌కి, అత్యవసరంగా కిందికి దించడానికి వర్తించే ఇన్సూరెన్స్ బయలుదేరే ముందే తీసుకోండి. శిఖరం చేరలేదన్న బాధలో సిబ్బందికి ఇవ్వాల్సిన టిప్పు తగ్గించేవాళ్లు ఉన్నారు, అలా చెయ్యకండి. మిమ్మల్ని చీకట్లో చెయ్యి పట్టుకుని దించిన మనిషి ఆ రోజు శిఖరం చూపించినవాడికంటే ఎక్కువ పని చేశాడు.