స్టేటస్ రాయని డెన్సిటీ అంకెకి విలువ లేదు

చి॥ అల్లుడికి,

ఫిల్మో ప్రింటో ఎంత దట్టంగా ఉందో, అంటే దాని డెన్సిటీని, అంకెలో చెప్పే పాత డెన్సిటోమీటర్ కొన్నావని, అందులో ఎ, ఎం, టి, ఇ అని ఉన్న స్టేటస్‌లలో, అంటే ఫిల్టర్ల సెట్లలో, ఏది పెట్టాలని అడిగావు. ముందు ఒకటి చూసుకో: నువ్వు కొలిచేదాన్ని చివరికి చూసేది మనిషి కన్నా, ప్రింటు పేపరా?

కలర్ నెగటివ్‌ని చూసేది పేపరే. పేపర్లోని మూడు పొరలు ఏ రంగు వెలుతురుకి స్పందిస్తాయో, దానికి దగ్గరగా పెట్టినవే స్టేటస్ ఎం ఫిల్టర్లు. అందుకే సి-41 (కలర్ నెగటివ్ డెవలప్ చేసే పద్ధతి) సరిగ్గా నడుస్తోందో లేదో చూసే కంట్రోల్ స్ట్రిప్‌ని ఎం లోనే చదువుతారు. ఖాళీ ఫిల్మ్ మీదే బ్లూ అంకె ఎక్కువగా కనిపిస్తే కంగారుపడకు, అది కలర్ నెగటివ్‌లో ఉండే నారింజ రంగు, అంటే మాస్క్, పని. స్లైడూ, ఆర్‌ఏ-4 పద్ధతిలో చేసిన కలర్ ప్రింటూ కంటి కోసం కాబట్టి వాటికి ఎ. టి, ఇ రెండూ ప్రెస్సు ఇంకుల కోసం. టి అమెరికా పద్ధతి, ఇ యూరప్ పద్ధతి. తేడా పసుపులో బయటపడుతుంది, అదే ఇంకుకి ఇ లో అంకె పెద్దది వస్తుంది. టి నా ఇ నా అన్నది చెప్పకుండా ప్రెస్సు వాళ్లకి అంకె పంపడమంటే, గజమా మీటరా అనకుండా గుడ్డ ధర చెప్పడమే.

అసలు చిక్కు బ్లాక్ అండ్ వైట్‌లో ఉందిరా. మీటరు కొలిచేది ఐఎస్ఓ 5-2 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం డిఫ్యూజ్ డెన్సిటీ, అంటే చెదిరిన వెలుతురుని కూడా కలుపుకుని కొలిచేది. వెండి రేణువులు వెలుతురుని చెదరగొడతాయి కాబట్టి, లెన్సులతో వెలుతురుని ఒకే దారిలో పంపే కండెన్సర్ ఎన్‌లార్జర్‌లో (నెగటివ్‌ని పెద్దదిగా ప్రింటు చేసే యంత్రం) అదే నెగటివ్ ఇంకా గట్టి కాంట్రాస్ట్ ఇస్తుంది. 1909లో క్యాలియర్ అనే పరిశోధకుడు చెప్పిన సంగతే ఇది. నీది కండెన్సరైతే నెగటివ్‌ని కాస్త మెత్తగా డెవలప్ చెయ్యి. నెగటివ్‌కి పసుపు మరక పట్టించే పైరో డెవలపర్ వాడితే విజువల్ అంకెని, అంటే కంటి చూపుకి తగ్గట్టు కొలిచినదాన్ని, అసలు నమ్మకు. ఆ పసుపు మరక కంటికి పలచన, పేపరుకి దట్టం. గ్రేడెడ్ పేపరుకి (ఒకే స్థిరమైన కాంట్రాస్ట్ ఉన్నది) బ్లూలో చదువు. యూవీ వెలుతురుతో ప్రింటయ్యే ప్లాటినమ్, సయనోటైప్ పద్ధతులకి యూవీ మోడ్ ఉన్న మీటరే కావాలి.

ప్రింటుని విజువల్‌లో, పూర్తిగా ఆరాకే చదువు. తడి మీద నలుపు ఎక్కువ లోతుగా కనిపిస్తుంది. కింద ఎప్పుడూ ఒకే నల్ల కాగితం పెట్టు. అన్నిటికన్నా గాఢమైన నలుపు గ్లాసీ (మెరిసే) పేపర్లో 2.1 దగ్గర, మ్యాట్ (మెరవని) పేపర్లో 1.6 దగ్గర వస్తే నీ పేపరు దాదాపు ఇచ్చేదంతా ఇచ్చినట్టే.

మీటరు అంకె సరిచూసుకునే కాలిబ్రేషన్ పలక దానితో ఇచ్చారో లేదో చూడు. ఇవ్వకపోతే స్టౌఫర్ కంపెనీ 21 మెట్ల వెడ్జ్ (మెట్టుమెట్టుకీ దట్టమయ్యే ఫిల్మ్ పట్టీ) తెప్పించుకో, మెట్టుకి 0.15 చొప్పున పెరుగుతుంది. రెండు మెట్లకి 0.30, అంటే వెలుతురు సగం. ధర ఎక్కువైనా కాలిబ్రేటెడ్‌దే, అంటే ఒక్కో మెట్టు డెన్సిటీ కొలిచి ఇచ్చేదే, అడుగు.

మీ మామయ్య