బండి వేలమైంది, బాకీ కట్టేశాను... సిబిల్‌లో ఇంకా ఎందుకుంది?

ప్రశ్న: ట్యాక్సీ నడుపుకుందామని ఫైనాన్స్‌లో కారు తీసుకున్నాను. కిస్తీలు ఆగడంతో 2023లో బండి సీజ్ చేశారు. అప్పటికి బాకీ రూ.4,10,000. వేలంలో రూ.2,75,000 వచ్చిందన్నారు. మిగిలిన రూ.1,35,000 నిరుడు కట్టేశాను. ఇప్పుడు ఇంటి లోన్‌కు వెళ్తే, సిబిల్‌లో పాత బాకీ మొత్తం అలాగే ఉందంటున్నారు. ఏం చేయాలి?
- ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీ సిబిల్ రిపోర్టులో (మీ అప్పులు, చెల్లింపుల చరిత్ర చూపే రిపోర్టు) తప్పు ఉంది. అయితే అందులో మీకు ఇబ్బందిగా కనిపించేవన్నీ తప్పులు కావండి. బండి పోకముందు కిస్తీలు ఆగిన నెలలు ‘డీపీడీ’ (కిస్తీ ఎన్ని రోజులు ఆలస్యమైందో చూపే) గడుల్లో 30, 60, 90 అంటూ ఉంటాయి. అవి జరిగినవే కాబట్టి వాటి జోలికి పోకండి. డబ్బులిస్తే అన్నీ చెరిపేస్తామనే ఏజెంట్ల మాట అసలు వినకండి.

సరిచేయించాల్సినవి వేరే ఉన్నాయి. వేలం సొమ్ము, మీరు కట్టిన సొమ్ము జమైతే కరెంట్ బ్యాలెన్స్ (ఇంకా ఉన్న బాకీ), ఓవర్‌డ్యూ (గడువు దాటిన బాకీ) రెండూ సున్నా కావాలి. మీరు కట్టేసిన నెల తర్వాత కూడా డీపీడీ పెరుగుతూ ఉంటే అదీ తప్పే. కంపెనీ మీ బాకీని వేరే సంస్థకు అమ్మేసి ఉంటే, ఒకే లోన్ రెండు పేర్లతో రెండుచోట్ల బాకీగా కనిపించొచ్చు. అదీ చూసుకోండి.

ఇప్పుడు మీ రసీదు తీసి చదవండి. అందులో కొంత మాఫీ చేసి సెటిల్‌మెంట్ చేసుకున్నట్టు రాసి ఉంటే, రిపోర్టులో ‘సెటిల్డ్’ అని పడటం సబబే. వడ్డీ, వేలం ఖర్చులతో సహా పైసా వదలకుండా కట్టించుకుని ‘సెటిల్డ్’ అని పెడితే మాత్రం ఊరుకోవద్దు. ఇంటి లోన్ ఇచ్చే బ్యాంకు ఆ ఒక్క మాట చూసే వెనక్కి తగ్గొచ్చు.

చాలామంది నేరుగా సిబిల్ సైట్‌లో డిస్ప్యూట్ (రిపోర్టులో తప్పుందని ఫిర్యాదు) పెట్టేసి ఎదురుచూస్తారు. సిబిల్ సొంతంగా ఏదీ మార్చదు, లోన్ ఇచ్చిన కంపెనీనే అడుగుతుంది. అక్కడి పుస్తకాల్లో తప్పు అలాగే ఉంటే ‘అంతా కరెక్టే’ అని జవాబొస్తుంది. అందుకే ముందు కంపెనీ నుంచి లోన్ అకౌంట్ స్టేట్‌మెంట్, బండి ఎంతకు అమ్మారో చూపే కాగితం, బాకీ ఏమీ లేదని చెప్పే నో డ్యూస్ లెటర్ రాతపూర్వకంగా అడిగి తెచ్చుకోండి. వేలం సొమ్ము ఏ తేదీన జమైందో స్టేట్‌మెంట్‌లో వేలు పెట్టి వెతకండి. గొడవంతా సాధారణంగా ఆ ఒక్క లైన్ దగ్గరే ఉంటుంది.

కాగితాలు చేతికొచ్చాక కంపెనీకి మెయిల్ పెట్టి, సిబిల్‌లోనూ డిస్ప్యూట్ వేయండి. 30 రోజుల్లో తేల్చకపోతే, ఆ తర్వాత ప్రతి రోజుకూ రూ.100 చొప్పున మీకు పరిహారం ఇవ్వాలని ఆర్‌బీఐ నిబంధన ఉంది. ఇది 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఫిర్యాదులు పరిష్కరించే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, ఖర్చేమీ లేదు.

సిబిల్ లాంటి సంస్థలే అయిన ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ రిపోర్టులు కూడా తీయండి. ఒక్కోదాంట్లో ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితం. ఈ పని తేలేదాకా కొత్త బ్యాంకుల్లో అప్లికేషన్లు పెట్టకండి, పెట్టిన ప్రతిసారీ మీరు లోన్ అడిగినట్టు రిపోర్టులో ఎంక్వైరీ పడుతుంది. మీ లోన్‌కు ఎవరైనా షూరిటీ ఉండి ఉంటే, వాళ్ల రిపోర్టులోనూ ఇదే బాకీ వేలాడుతుండొచ్చు. వాళ్లనీ చూసుకోమనండి.