నాన్నగారి పాత లెన్సు కొత్త కెమెరాకు పడుతుందా?

ప్రశ్న: మా నాన్నగారు స్టూడియోలో వాడిన నికాన్ 50 ఎం.ఎం. మాన్యువల్ లెన్సు ఇంట్లో ఉంది. నేను నికాన్ జెడ్ సిరీస్ మిర్రర్‌లెస్ కెమెరా కొన్నాను. పాత లెన్సు పనికిరాదని షాపులో అన్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: నిక్షేపంగా పనికొస్తుందండీ, దయచేసి అమ్మేయకండి! 1959లో నికాన్ ఎఫ్ కెమెరాతో వచ్చిన మౌంటులో (లెన్సును కెమెరాకు బిగించే అమరికలో) లెన్సు కూర్చునే అంచు నుంచి ఫిల్ము దాకా దూరం 46.5 మిల్లీమీటర్లు. మధ్యలో అద్దం లేచి పడాలి కాబట్టి అంత చోటు వదిలారు. మీ కెమెరాలో అద్దమే లేదు, ఆ దూరం 16 మిల్లీమీటర్లే. తేడా 30.5 మిల్లీమీటర్లను ఎఫ్‌టీజెడ్ అడాప్టరు, అంటే పాత లెన్సుకూ మీ కెమెరాకూ మధ్య బిగించే నికాన్ వారి రింగు, భర్తీ చేస్తుంది. అందులో గాజు ఉండదు, కాబట్టి లెన్సు నాణ్యత తగ్గదు.

కానన్ పాత లెన్సులున్నవాళ్లకు అప్పట్లో ఇంత అదృష్టం దక్కలేదు. కానన్ పాత ఎఫ్‌డీ లెన్సులకు ఈ దూరం 42 మిల్లీమీటర్లు, వాటి స్థానంలో 1987లో తెచ్చిన ఈఎఫ్ మౌంటుకు 44. ఆ రెండు మిల్లీమీటర్లే కొంప ముంచాయి. గాజు లేని అడాప్టరు పెడితే లెన్సు ఉండాల్సిన దానికంటే ముందుకు జరిగిపోయి, దూరపు కొండ ఫోకస్‌లోకి రాదు. మంచి లెన్సులు అలా బీరువాల్లో ఉండిపోయాయంటే నాకు ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది.

మీ లెన్సుకు ఫోకస్, అపర్చరు (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం) రింగులు చేత్తోనే తిప్పాలి. ముందు అపర్చరు పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చి వేసి చూడండి. లోపల సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్, మెకానిక్‌కు చూపించాకే వాడండి.