హీలా సెల్స్ మెల్లగా పెరుగుతుంటే గ్లూకోజ్ పెంచాలా?

కడపలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్నానని, డీఎంఈఎం అనే మీడియాలో (సెల్స్‌కు తిండిగా పోసే పోషక ద్రవం) హీలా సెల్స్ (ల్యాబ్‌లో పెంచే మనిషి క్యాన్సర్ కణాలు) ముందులా పెరగడం లేదని, మూడో రోజుకు కూడా మీడియా ఎర్రగానే ఉంటోందని రాశారు. ఇంకాస్త గ్లూకోజ్ కలపాలా అని అడిగారు. వద్దండి, ముందు మీడియాలో ఉండే గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లం సంగతి చూడండి. అనంతపురంలో కొన్నేళ్లు సెల్ కల్చర్ చూసుకున్నదాన్ని. మన ఎండలకు ఇది మళ్లీ మళ్లీ ఎదురయ్యేదే.

మీరు చెప్పిన రంగులోనే సగం జవాబు ఉంది. హీలా లాంటి సెల్స్ ఆక్సిజన్ ఉన్నా సరే, గ్లూకోజ్‌లో ఎక్కువ భాగాన్ని లాక్టిక్ ఆమ్లంగా మార్చి బయటికి వదిలేస్తాయి. ఆ ఆమ్లానికే మీడియాలో కలిపి ఉండే ఫినాల్ రెడ్ అనే ఎర్ర రంగు పసుపుగా మారుతుంది. మూడు రోజులైనా ఎరుపు తగ్గలేదంటే గ్లూకోజ్ అయిపోలేదన్నమాట. పైగా హై గ్లూకోజ్ డీఎంఈఎంలో అది లీటరుకు 4.5 గ్రాములుంటుంది. షుగర్ పరీక్ష లెక్కలో 450! లో గ్లూకోజ్ రకంలో 1 గ్రాము, అంటే 100. పరగడుపున మన రక్తంలో ఉండేది ఇంచుమించు అంతే.

గ్లుటమిన్ అలా కాదు. 1950లలో హ్యారీ ఈగిల్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఒక్కొక్క పోషకాన్నీ తీసేసి చూస్తూ హీలా సెల్స్‌కు ఏవేవి తప్పనిసరో తేల్చారు. వాటిలో గ్లుటమిన్ ఒకటి. మైటోకాండ్రియాకు ఇంధనం అదే, డీఎన్ఏ బేస్‌లకు నైట్రోజన్ ఇచ్చేదీ అదే. చిక్కేమిటంటే, నీళ్లలో కలిశాక అది దానంతటదే విరిగిపోతూ అమ్మోనియా వదులుతుంది. ఫ్రిజ్‌లో మెల్లగా, వేడిలో వేగంగా. ఒకపక్క తిండి తగ్గుతుంది, ఇంకోపక్క సెల్స్‌కు పడని పదార్థం పేరుకుంటుంది.

ఏప్రిల్‌లో బెంగళూరు నుంచి పార్సిల్ వస్తే ఐస్ ప్యాక్‌లు నీళ్లయిపోయి సీసాలు వెచ్చగా చేతికి తగిలేవి. అలాంటి సీసా మీద ఎక్స్‌పైరీ తేదీ ఎంత దూరంగా ఉన్నా నేను నమ్మను. అందుకే మన ఊళ్లలో పౌడర్ మీడియానే మేలంటాను. పొడిగా ఉన్నంతకాలం గ్లుటమిన్ నిలకడగా ఉంటుంది, నీళ్లు కలిపిన రోజు నుంచే లెక్క మొదలు. ఒకసారికి ఒక్క లీటరే కలుపుకోండి. ప్యాకెట్‌లో బైకార్బొనేట్ లేకపోతే 3.7 గ్రాములు వేసి, 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టి, సీసా మీద మార్కర్‌తో తేదీ రాయండి. నెల దాటితే నేనైతే పక్కన పెట్టేస్తాను.

ఇప్పుడు మీ దగ్గరున్న సీసాతోనే ఒక పరీక్ష చేయొచ్చు. ఒకే సంఖ్యలో సెల్స్ వేసి రెండు ఫ్లాస్క్‌లు పెట్టండి. ఒకదాంట్లో మాత్రం 200 మిల్లీమోలార్ గ్లుటమిన్ స్టాక్‌ను 100 మిల్లీలీటర్లకు 1 మిల్లీలీటరు చొప్పున కలపండి, 2 మిల్లీమోలార్ అవుతుంది. మూడో రోజు ట్రిపాన్ బ్లూ (చనిపోయిన సెల్స్‌కు మాత్రమే అంటే నీలి రంగు) వేసి రెండింట్లోనూ బతికున్న సెల్స్ లెక్కించండి. గ్లుటమిన్ కలిపినదాంట్లో ఎక్కువుంటే లోటు దానిదే. లేబుల్ మీద గ్లూటామాక్స్ అని ఉంటే ఈ పరీక్ష అక్కర్లేదు. అది అలనిల్-గ్లుటమిన్, అంత సులువుగా విరగదు. ఖరీదు ఎక్కువే, బడ్జెట్ ఉంటే నిస్సంకోచంగా కొనండి.

సోడియం పైరువేట్ 1 మిల్లీమోలార్ కలిపితే నష్టం లేదు. సెల్స్ పలచగా ఉన్నప్పుడు కొంత ఆసరా. నాన్ ఎసెన్షియల్ అమైనో ఆమ్లాలు మాత్రం హీలాకు అవసరం లేదు.

రెండు ఫ్లాస్క్‌లలో తేడా రాకపోతే మైకోప్లాస్మా (కల్చర్‌లో చేరే అతి చిన్న బ్యాక్టీరియా) పరీక్ష చేయించండి. అది ఉన్నా మీడియా మసకబారదు, సెల్స్ మాత్రం మందగిస్తాయి. పెన్సిలిన్ దెబ్బతీసేది బ్యాక్టీరియా కణకవచాన్ని, దీనికి అదే లేదు కాబట్టి మీరు వేసే పెన్సిలిన్ దాన్నేమీ చేయదు.