హంద్రీ కథ రాసే తమ్ముడికి

తమ్ముడూ,

నీ కథ చదివినా, కరెంటు పోతే ఫోన్ లైట్ పెట్టుకుని మరీ చదివినా, బాగనే రాసినావు గానీ నది వెక్కి వెక్కి ఏడ్చే పేరా తీసెయ్. హంద్రీ ఏడవదు, కంపు కొడ్తాది, ఆ కంపు రాయి చాలు.

అసలు గొడవ చేపల దగ్గరుంది. పొట్టలు తెల్లగా పైకి తేలిన చేపల్ని రాసినావు. అట్ల గుంపుగా ఒక్కసారే చచ్చేది చాలాసార్లు నీళ్ళల్లో ఆక్సిజన్ పడిపోయి, అది పేపర్లో ఫోటో పడ్తాది. నువ్వు రాస్తానన్నది ఒండ్రు గురించి కదా, అది చేసే పని ఫోటోకి దొరకదబ్బా. డీజిల్, ఇంజిన్ ఆయిల్ నుంచి వచ్చే పీఏహెచ్‌లనే విష రసాయనాలు, సీసం, కాడ్మియం లాంటివి సన్న బంకమట్టికి, కుళ్ళిన చెత్తకి పట్టుకుంటాయి, ఇసుకకి అంతగా పట్టవు, పైన నీళ్ళు తేటపడినా అడుగున ఏళ్ళతరబడి అట్లనే ఉండిపోతాయి. ఇప్పుడు క్యాలెండర్ చూడు: బొచ్చె, శీలావతి గుడ్లు పెట్టేది వానాకాలం వరదకి, అడుగు బురదని లేపేదీ అదే వరద! కథకి ఇంతకన్నా ముడి ఏం కావాల, నువ్వేమో ఫ్యాక్టరీ ఓనర్‌ని విలన్ చేసి సినిమా తీసినావు.

గుడ్డు లోపలికి పో. జీబ్రా ఫిష్ మన దిక్కు చేపనే, గుడ్డు గాజు మాదిరి ఉంటాది, ఒక రోజుకే గుండె కొట్టుకునేది మైక్రోస్కోప్‌లో కనపడ్తాది. మురికి ఒండ్రు మీద అవే గుడ్లు పెట్టి చూసినోళ్ళకి గుండె చుట్టూ నీరు చేరడం, పచ్చసొన సంచి ఉబ్బడం, వెన్ను వంకర పోవడం కనపడినాయి, కొన్ని గుడ్డు పగిలి బయటికే రాలేదు. 1989లో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి నూనె ఒలికినాక సాల్మన్ గుడ్లకి కొంచెం కొంచెం నూనె తగిలించి చూసినారు, పైకి బాగున్న పిల్లలే సముద్రంలోకి పోయి పెద్దయి తిరిగొచ్చింది తక్కువ. నాకైతే ఈ బాగున్నట్టు కనపడే పిల్లలే నీ కథ అనిపిస్తాది.

వలేసే ఆయనకి ఇదేం తెలీదు. రెండేళ్ళ తర్వాత వల తేలిగ్గా వస్తాది, పక్కోడి సన్నకన్ను వలని తిడ్తాడు, పైన కట్టిన బ్యారేజీని తిడ్తాడు, ఆయన మాటలోనూ నిజం ఉంది కాబట్టి తిట్టనియ్. మన హంద్రీ ఒండ్రులో ఫలానా విషం ఉందని మాత్రం టెస్ట్ రిపోర్ట్ చేతికి రాకుండా రాయొద్దు, కథైనా సరే, ఊరి పేరు పెట్టినావు కదా.

ఆఖర్లో అన్నీ విడమరిచి చెప్పే లెక్చరర్ పాత్ర అవసరమా? ఆయన్ని తీసేసి ఎట్లుంటాదో ఒకసారి చూసి పంపు, ఆదివారం ఖాళీగానే ఉంటా.

మీ అన్న
కర్నూలు