బైబిల్లో యోనా ప్రవక్త 40 రోజుల్లో నాశనమవుతుందన్న నీనెవె పట్టణం నిలిచింది కదా, మరి ఆయన ప్రవచనం తప్పినట్టేనా?

తప్పలేదు, కతోలిక బోధన ప్రకారం దేవుని హెచ్చరిక ముందే రాసిపెట్టిన తలరాత కాదు, మనసు మార్చుకోమన్న పిలుపు. ఒక జనాన్ని కూల్చేస్తానని చెప్పాక వాళ్లు చెడు మానుకుంటే ఆ కీడు చేయనని యిర్మీయా గ్రంథంలో దేవుడే అంటాడు. అంటే పైకి చెప్పకపోయినా, "మీరు మారకపోతే" అన్న మాట హెచ్చరికలోనే ఉంది.

నీనెవెలో జరిగిందదే. రాజు సింహాసనం దిగి, పశ్చాత్తాపానికి గుర్తుగా గోనె కట్టుకుని బూడిదలో కూర్చున్నాడు. పశువులకు కూడా మేత, నీళ్లు ఆపి గోనె కప్పించాడు! ఈస్టర్‌కు ముందొచ్చే తపస్సుకాలం మొదలయ్యే విభూది బుధవారం నాడు ఫాదర్ నుదుట బూడిద రాస్తూ "పశ్చాత్తాపపడి సువార్తను విశ్వసించు" అనేది ఈ వరసలోనిదే. తపస్సుకాలం మొదటి వారంలో పూజలో ఈ ఘట్టాన్నే చదువుతారు.

"దేవుడు మాట మార్చాడు" అనుకోవడమే చాలామంది పొరపాటు. మారింది జనం. పాపాన్ని సహించకపోవడం, తిరిగొచ్చినవాణ్ణి క్షమించడం, రెండూ దేవుని స్వభావమే. ఇది యోనాకు బాగా తెలుసు: "నువ్వు దయగలవాడివని తెలిసే, నీనెవెకు వెళ్లమంటే మొదట పారిపోయాను" అని దేవుడితోనే అంటాడు.